వయో అసమానత (అడ్డతీగల మన్యం)

వయసును బట్టి అధికారం, పని, ఆదాయం, గౌరవం సమాజంలో హెచ్చుతగ్గులుగా అందడమే వయో అసమానత. వయసు కారణంగా చూపే వివక్షకు 1969లో రాబర్ట్ బట్లర్ ‘ఏజిజం’ అని పేరుపెట్టారు. ఆధునికీకరణతో వృద్ధుల స్థాయి తగ్గుతుందని 1972లో కౌగిల్, హోమ్స్ వాదించారు. తూర్పు కనుమల్లోని అడ్డతీగల మన్యానికి ఆ వాదన పూర్తిగా అతకదు. అక్కడి గిరిజనులైన కొండరెడ్ల ఊళ్లలో తగవులు తీర్చేది సంప్రదాయంగా ఊరిపెద్ద అయిన పెద్దకాపు. పోడు సాగుకు అడవి నరకడం వయసులో ఉన్నవారి పని. సామ, జొన్న చేలకు మంచె మీద కాపలా ముసలివారిది, పిల్లలది. అయితే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం గ్రామసభలో ఓటర్లందరికీ, అంటే 18 ఏళ్లు నిండినవారికి కూడా, చోటిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను అర్హత 60 ఏళ్లు, గిరిజనులకు 50. జనన ధ్రువపత్రం లేనివారికి పింఛను కోసం ఆధార్‌లో పడిన వయసే ఆధారం. అంచనాగా వేసిన ఆ అంకె తగ్గితే, ఒళ్లు అలిసిన మనిషికీ పింఛను అందదు.