గతిశీల వ్యవస్థల సామ్యానికి కొలమానం: మాతుకుమల్లి విద్యాసాగర్ గ్రాఫ్ మెట్రిక్

కీలక పదాలు: నియంత్రణ సిద్ధాంతం, ఫీడ్‌బ్యాక్, సుస్థిరత, గ్రాఫ్ మెట్రిక్, గ్యాప్ మెట్రిక్

ఉపోద్ఘాతం

నియంత్రకాన్ని యంత్రపు గణిత నమూనాను ఆధారం చేసుకొని రూపొందిస్తారు. నమూనాకూ యంత్రానికీ కొంత భేదం తప్పదు. ఆ భేదం ఎంతవరకు ఉన్నా నియంత్రకం యంత్రాన్ని అదుపులో ఉంచగలదు? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే రెండు గతిశీల వ్యవస్థల మధ్య ‘దూరాన్ని’ కొలవగలగాలి. ఈ అన్వేషణలో 1947లో గుంటూరులో జన్మించిన మాతుకుమల్లి విద్యాసాగర్ కృషి ఒక ముఖ్య ఘట్టం.

సమస్య స్వరూపం

రెండు వ్యవస్థలకు ఒకే ఇన్‌పుట్ ఇచ్చి ఔట్‌పుట్‌లను పోల్చడం సహజంగా తోచే పద్ధతి. వ్యవస్థ అస్థిరమైనప్పుడు ఇది విఫలమవుతుంది. ఉదాహరణకు, ఒక వ్యవస్థలో విచలనం సెకనుకు 0.5 రేటుతో తగ్గుతుందనీ, మరొకదానిలో అదే రేటుతో పెరుగుతుందనీ, రెండింటిలోనూ ఇన్‌పుట్ గుణకం 50 అనీ భావించవచ్చు. విడిగా చూస్తే మొదటిది కుదుటపడుతుంది, రెండవది అదుపు తప్పుతుంది. ఔట్‌పుట్‌ను రుణాత్మక ఫీడ్‌బ్యాక్‌గా ఇన్‌పుట్‌కు మళ్లిస్తే మాత్రం రెండింటి విచలనాలూ వరుసగా 50.5, 49.5 రేట్లతో తగ్గిపోతాయి. ఫీడ్‌బ్యాక్ వలయంలో ఇవి దాదాపు సమానమైన వ్యవస్థలే.

చారిత్రక పరిణామం

1980లో జార్జ్ జేమ్స్, ఎల్-సక్కరీ గ్యాప్ మెట్రిక్‌ను ప్రతిపాదించారు. పరిమిత శక్తి గల ఇన్‌పుట్-ఔట్‌పుట్ జంటల సముదాయాన్ని, అనగా వ్యవస్థ ‘గ్రాఫ్’ను పోల్చడం దీని మూలసూత్రం.

విద్యాసాగర్‌ది బీజగణిత మార్గం. అకరణీయ సంఖ్యను పరస్పర ప్రధానాలైన రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగా రాసినట్లే, అస్థిర వ్యవస్థను రెండు సుస్థిర వ్యవస్థల నిష్పత్తిగా రాయవచ్చు. 1982లో ష్నైడర్, ఫ్రాన్సిస్‌లతో కలిసి ఈ మార్గాన్ని విస్తరించిన ఆయన, 1984లో గ్రాఫ్ మెట్రిక్‌ను ప్రకటించారు. ఫీడ్‌బ్యాక్ సుస్థిరత స్వల్ప మార్పులకు చెదరకుండా ఉండటానికి ఎంత సామీప్యం అవసరమో, ఈ మెట్రిక్ నిర్వచించే టోపాలజీ సరిగ్గా అంతే కోరుతుంది. 1985లో వెలువడిన ఆయన గ్రంథం ఈ సిద్ధాంతాన్ని సమగ్రంగా వివరించింది.

గ్రాఫ్ మెట్రిక్‌ను గణించడం కష్టం. గ్యాప్ మెట్రిక్‌ను గణించే విధానాన్ని 1988లో జార్జియు అందించారు. 1993లో విన్నికోంబ్ ప్రతిపాదించిన ‘న్యూ-గ్యాప్’ కొలత ప్రకారం, పై ఉదాహరణలోని వ్యవస్థల దూరం 0 నుంచి 1 వరకు గల మానంలో సుమారు 0.02 మాత్రమే.

ముగింపు

గణనలో గ్రాఫ్ మెట్రిక్ స్థానాన్ని తరువాతి కొలతలు ఆక్రమించాయి. అయినా గ్యాప్, న్యూ-గ్యాప్ మెట్రిక్‌లు నిర్వచించే టోపాలజీ గ్రాఫ్ టోపాలజీయే. కనుక విద్యాసాగర్ కృషి ప్రాముఖ్యాన్ని ఒక సూత్రం వాడుకను బట్టి కాక, వ్యవస్థల ‘సామీప్యం’ అంటే ఏమిటో నిర్ణయించిన సిద్ధాంతంగా అంచనా వేయడం సమంజసం.