కెరటోకోనస్: కార్నియా మార్పిడి తర్వాత చూపు ఎంతవరకు వస్తుంది?

పదో తరగతిలో కళ్లజోడు వచ్చింది. ఇంటర్ అయ్యేలోపు పవర్ రెండుసార్లు మారింది, అదీ ఎక్కువగా సిలిండర్ పవర్. రాత్రిపూట బండి నడుపుతుంటే ఎదురొచ్చే హెడ్‌లైట్ చెదిరిపోయి రెండు మూడుగా కనిపిస్తోంది. కెరటోకోనస్ చాలామందిలో ఇలాగే బయటపడుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లకు డాక్టర్ ‘కార్నియా మార్చాలి’ అంటే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఆపరేషన్ అయ్యాక చూపు మామూలుగా వచ్చేస్తుందా?

చాలామందికి మంచి చూపే వస్తుంది. కానీ వెంటనే రాదు. కళ్లజోడు గానీ లెన్స్ గానీ పూర్తిగా అవసరం లేకుండా పోవడం తక్కువ. అమర్చిన కార్నియా జీవితాంతం ఉంటుందన్న హామీ కూడా లేదు.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు

కార్నియా అంటే కనుపాప ముందు గడియారం అద్దంలా ఉండే పారదర్శక పొర. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కెరటోకోనస్‌లో అది పలచబడి, శంకువులా ముందుకు ఉబ్బుతుంది. సాధారణంగా టీనేజ్‌లో మొదలై, 30లు దాటాక నెమ్మదిస్తుంది. అలర్జీతో కళ్లు గట్టిగా నలుపుకునేవారిలో ఎక్కువగా కనిపిస్తుంది.

తొలి దశలో పట్టుకుంటే రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతితో చేసే క్రాస్ లింకింగ్ చికిత్సతో జబ్బు ముదరకుండా ఆపొచ్చు. ఇది ఉన్న చూపును కాపాడేందుకే, పోయిన చూపును తెచ్చేందుకు కాదు. చూపు కోసం గట్టి కాంటాక్ట్ లెన్సులు, వాటితో కుదరకపోతే స్క్లెరల్ లెన్సులు ఉన్నాయి. ఏ లెన్సూ కుదరనప్పుడు, కార్నియా మధ్యలో మచ్చ పడినప్పుడు మార్పిడి మాట వస్తుంది.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. పాతది పీకే. కార్నియా మధ్యభాగాన్ని మొత్తం మందంతో తీసేసి దాత కార్నియాను కుట్టేస్తారు. రెండోది డాల్క్. ముందు పొరలు మాత్రమే మార్చి, లోపలి పలుచటి పొరను, దాన్ని అంటి ఉండే ఎండోథీలియం కణాలను రోగివే ఉంచుతారు. కార్నియాను తేటగా ఉంచేది ఈ కణాలే. పెద్దయ్యాక అవి కొత్తగా పుట్టవు. అవి సొంతవే కాబట్టి, శరీరం వాటిపై దాడి చేసే తీవ్రమైన రిజెక్షన్ డాల్క్‌లో ఉండదు. అందుకే కుర్రవయసు రోగులకు వీలైతే డాల్క్ వైపే మొగ్గుతారు. అయితే ఇది సర్జన్ చేతి అనుభవం మీద ఆధారపడిన పని. ఆ లోపలి పొర చిరిగితే ఆపరేషన్ మధ్యలోనే పీకేకి మారాల్సి రావచ్చు. సంతకం పెట్టే ముందు ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి.

ఎన్నేళ్లు నిలుస్తుంది?

కార్నియా మార్పిళ్లలో కెరటోకోనస్ రోగుల ఫలితాలు మెరుగైనవిగా పేరున్నవే. ఈ జబ్బులో కార్నియాలోకి సాధారణంగా రక్తనాళాలు పాకవు, వాపు ఉండదు. రెండూ కలిసొచ్చే విషయాలే. ఆస్ట్రేలియాలో 4,800కు పైగా కెరటోకోనస్ కళ్ల వివరాలతో 2011లో వచ్చిన అధ్యయనంలో, పదేళ్ల తర్వాత 89 శాతం గ్రాఫ్టులు బాగానే ఉన్నాయి. 20 ఏళ్లకు అది దాదాపు సగానికి పడిపోయింది. 25 ఏళ్లకు ఆపరేషన్ చేయించుకున్నవారికి 45 వచ్చేసరికి అన్నమాట. ‘సక్సెస్ రేటు 90 శాతం’ అని ఎవరైనా చెబితే, ఎన్నేళ్లకు అని అడగడం అందుకే ముఖ్యం. గ్రాఫ్ట్ విఫలమైతే మళ్లీ మార్చొచ్చు. కాకపోతే ప్రతిసారీ నిలిచే అవకాశం కొంత తగ్గుతుంది.

ఇంకో మెలిక ఉంది. గ్రాఫ్ట్ తేటగా ఉండటం వేరు, చూపు స్పష్టంగా ఉండటం వేరు. వెంట్రుక కన్నా సన్నని దారంతో వేసిన కుట్ల బిగువుకు కార్నియా ఆకారం మారి సిలిండర్ పవర్ వస్తుంది. కుట్లు అన్నీ తీసి పవర్ కుదురుకోవడానికి ఏడాది, కొందరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అప్పుడూ కొందరికి మళ్లీ కాంటాక్ట్ లెన్సే కావాలి. లెన్స్ పడక ఆపరేషన్ చేయించుకున్నవారికి ఇది నిరాశ కలిగించే మాటే. అయితే మచ్చలేని కార్నియా మీద అదే లెన్స్ చాలా మెరుగైన చూపు ఇస్తుంది.

నెలల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వాడాలి. వాటివల్ల కంటి ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావచ్చు. కాబట్టి చెకప్‌లు తప్పవు. కన్ను ఎర్రబడటం, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నొప్పి... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, ఆపరేషన్ అయి అయిదేళ్లయినా సరే, అదేరోజు డాక్టర్‌కు చూపించాలి. మొదట్లోనే పట్టుకుంటే చాలా రిజెక్షన్లు మందులతో తగ్గుతాయి. మెడికల్ షాపులో చుక్కలు కొని రెండు రోజులు చూద్దామనుకుంటేనే చేయి దాటిపోతుంది. పీకే చేసిన కంటికి కుట్టిన చోట పాత బలం ఎప్పటికీ పూర్తిగా రాదు. క్రికెట్ బంతి, మోచేతి దెబ్బ తగలకుండా ఏళ్ల తర్వాతా జాగ్రత్తపడాలి.

కార్నియా ఎక్కడి నుంచి వస్తుంది?

వాడుకలో ‘కళ్లు మార్చారు’ అంటాం గానీ మార్చేది కార్నియానే. చనిపోయిన ఆరు గంటల్లోపు సేకరించాలి. బ్లడ్ గ్రూప్ కలవాల్సిన పని సాధారణంగా ఉండదు. దాతకు కళ్లజోడు ఉన్నా, శుక్లం ఆపరేషన్ అయినా ఇబ్బంది లేదు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి చెందిన రామాయమ్మ ఐ బ్యాంక్ 1989 నుంచి పనిచేస్తోంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం కార్నియాను అమ్మడం, కొనడం నేరం. బిల్లులో కనిపించేది కణజాలాన్ని పరీక్షించి, భద్రపరిచినందుకు ఐ బ్యాంక్ తీసుకునే ఖర్చు. అది ఎంతో విడిగా చూపించమని అడగొచ్చు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ కేసు వస్తుందో లేదో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు. అడ్మిట్ కాకముందే అడగండి. ఆపరేషన్ తర్వాత చుక్కల మందులకు, లెన్సులకు, రాకపోకలకు అయ్యే ఖర్చు కూడా లెక్క వేసుకోండి. ఊరు దూరమైతే, మొదటి ఏడాది ఎన్నిసార్లు రావాలో, మధ్యలో కన్ను ఎర్రబడితే దగ్గర్లో ఎవరికి చూపించాలో డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి.