సంధి సూత్రం చూసే వాక్యం

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. అది కేవలం రూపాల పట్టిక అనీ, భాష చేసే పనితో దానికి నిమిత్తం లేదనీ అనడం పరిపాటి అయింది. గ్రాంథికం మీది అభ్యంతరం సరే, ఈ రెండో మాట మాకు సమ్మతం కాదు.

పది పరిచ్ఛేదాల్లో సంధి రెండోది. ప్రథమ తరువాతి పరుషాలకు గసడదవాదేశం అక్కడే విధించాడు సూరి: వాడు, కొట్టె కలిసి 'వాడుగొట్టె'. కాని ప్రథమ అంటే ఏమిటో తెలిసేది తరువాతి పరిచ్ఛేదంలో. క్త్వార్థకమైన ఇకారానికి సంధి లేదన్నాడు, అందుకే 'వచ్చియిచ్చెను'. ఆ ఇకారం క్త్వార్థకమో కాదో చెప్పవలసింది క్రియ, అది ఎనిమిదో పరిచ్ఛేదం. అంటే ధ్వని మారాలా వద్దా అన్నది పదం వాక్యంలో చేస్తున్న పనిని బట్టి తేలుతోంది. (వాడుకలో 'చేసిచ్చాడు' అంటాం, అది వేరే కథ.)

సైమన్ డిక్ 1978లో ప్రకటించిన ఫంక్షనల్ గ్రామర్‌ను విస్తరించి, కీస్ హెంగెవెల్డ్, లాక్లన్ మెకెంజీ 2008లో నాలుగు స్థాయిలు చూపారు: వక్త ఉద్దేశం, అర్థం, పద వాక్య నిర్మాణం, ధ్వని. నిర్ణయం పైనుంచి కిందికి దిగుతుంది. సూరి పుస్తకం వర్ణాలతో మొదలవుతుంది గాని, అది బోధనాక్రమం. సూత్రాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడే క్రమం దానికి ఎదురు. రెంటినీ ఒకటిగా చూడడం వల్లనే పై విమర్శ పుట్టిందని మా అభిప్రాయం.

సూరికి అందనిది అన్నిటికంటే పైస్థాయి. 'రాముడు వచ్చాడు', 'వచ్చింది రాముడు' – జరిగిన సంగతి ఒకటే, కర్తా ఒకడే. వచ్చినవాడెవరో తేల్చి చెప్పాలనుకోగానే క్రియలోని 'డు' పోయి అమహత్తు రూపం వచ్చింది. వక్త ఉద్దేశం నేరుగా క్రియాప్రత్యయాన్నే మార్చింది. కారక విభక్తుల చర్చ ఎంత సాగదీసినా ఈ భేదం అందులో ఇమడదు.

బెంగళూరులో ఇది బోధించడం సులువు. 'రామ బంద', 'బందిద్దు రామ' అనే కన్నడ జంట పక్కన పెడితే చాలు, ఇక్కడి విద్యార్థి వెంటనే పట్టుకుంటాడు. 'నాకు తెలుసు', 'ననగె గొత్తు' కూడా అంతే: తెలిసినవాడు కర్త అనిపిస్తాడు, విభక్తి మాత్రం 'కు'. అలాంటి విద్యార్థికి మొదట సంధి పరిచ్ఛేదం వల్లె వేయించి, వాక్యం ఊసెత్తకుండానే పరీక్షకు పంపుతున్నాం.