నాష్‌విల్ మట్టిబాట: ఎడ్వర్డ్ టెంపుల్ శిక్షకుని చరిత్రము

అస్త్రవిద్యా ప్రదర్శన రంగమున కర్ణుడు ప్రవేశించినప్పుడు కృపాచార్యుడు అతనిని అడిగినది విద్యను గూర్చి కాదు, కులగోత్రములను గూర్చి. ఆదిపర్వము చదివినవారికి ఆ ఘట్టము మఱపునకు రాదు. దుర్యోధనుడు అంగరాజ్యము నిచ్చి ఆనాటికి ఆ ప్రశ్నను తప్పించెనే గాని, ప్రశ్న మాత్రము లోకమున మిగిలియే యున్నది. ఇరువదవ శతాబ్దమున అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ ప్రాంతమున నల్లజాతివారు భోజనశాల గుమ్మమున, బస్సులో, పాఠశాలలో, ఆటస్థలమున ప్రతిదినమును ఆ ప్రశ్ననే ఎదుర్కొనుచుండిరి. వారికి రాజ్యమిచ్చి ఆదుకొను దుర్యోధనుడు లేడు. ఆ ప్రాంతముననే, ఆ జాతివారి కొఱకు నెలకొల్పబడిన ఒక బీద కళాశాలలో, బాలికలకు పరుగు నేర్పుచు నాలుగు దశాబ్దములకు పైగా గడపిన శిక్షకుడు ఎడ్వర్డ్ స్టాన్లీ టెంపుల్.

టెంపుల్ 1927 సెప్టెంబరు 20వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమునకు రాజధానియగు హారిస్‌బర్గ్ పట్టణమున జన్మించెను. బాల్యమునుండియు పరుగుపందెములయందు పేరు గలవాడు. 1946లో టెన్నెస్సీ రాష్ట్ర రాజధానియగు నాష్‌విల్ నగరమునకు వచ్చి అచటి వ్యవసాయ పారిశ్రామిక కళాశాలలో చేరెను. శ్వేతజాతి విద్యార్థుల విద్యాలయములలో నల్లజాతివారికి ప్రవేశము లేదు గనుక, రాష్ట్ర ప్రభుత్వము 1912లో వారికై ప్రత్యేకముగా స్థాపించిన విద్యాలయమది. పిదప అదియే టెన్నెస్సీ స్టేట్ విశ్వవిద్యాలయమైనది. టెంపుల్ 1950లో పట్టము పుచ్చుకొనగనే కళాశాలాధ్యక్షుడగు వాల్టర్ డేవిస్ అతనికి కొలువిచ్చెను. నెలకు 150 డాలర్ల జీతము. ఆ జీతమునకు చేయవలసిన పనులు మాత్రము పెక్కు: బాలికలకు పరుగు నేర్పుట, కళాశాలలోని తపాలా కార్యాలయమును నడుపుట. పిమ్మట అతడు సమాజశాస్త్రము కూడ బోధించెను. బాలికల పరుగు జట్టునకు ఆదిలో కేటాయింపబడిన సొమ్ము 64 డాలర్లు. జమాఖర్చులు వ్రాయుట తెలిసినవారెవరైనను ఈ పద్దును చూచిన, ఇది జట్టును పోషించుటకు ఇచ్చినది కాదు, జట్టు కలదని కాగితముపై చూపుటకు ఇచ్చినదని గ్రహింపగలరు.

పరుగుబాట సంగతియు అట్టిదే. అది పైపూత లేని మట్టిబాట. హద్దుగీతలు సైతము లేవు. టెంపుల్ తన చేతి డబ్బు ఖర్చు పెట్టి దానికి గీతలు గీయించెను. పరస్థలములలో పోటీలకు పోవలసివచ్చినప్పుడు బాలికలను మోటారుకారులో ఎక్కించుకొని వందలకొలది మైళ్లు తానే నడుపుచు పోవుచుండెను. ఆ ప్రయాణములను గూర్చి కొంత వివరముగా చెప్పవలెను. త్రోవలో భోజనశాలలు కలవు. వీరికి ప్రవేశము లేదు. పెట్రోలు పోయించుకొనుటకు అంగళ్లు కలవు. అచటి మరుగుదొడ్డి తలుపు వీరికి తెఱవబడదు. అందుచేత బయలుదేరునప్పుడే రొట్టెలు మూటకట్టుకొని, అవసరమైనచోట కారు ఆపి పొలముల మాటునకు పోవలసివచ్చెడిది. దేశము పక్షమున ప్రపంచ క్రీడలలో పరుగెత్తి పతకములు తెచ్చిన కన్యలు స్వదేశమున రహదారి ప్రక్క పొదల చాటునకు పోవుట ఎట్టి అవమానమో ఊహించుకొనవచ్చును. న్యూయార్కు నగరమున పెరిగిన మే ఫాగ్స్ అను ఆమె 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో రిలే పందెమున స్వర్ణపతకము గెలిచి పిమ్మట ఈ కళాశాలకు వచ్చినది. ఉత్తరదేశమున పెరిగిన ఆమెకు ఈ దక్షిణదేశపు ఆచారము క్రొత్త. అయినను ఆమె మరలిపోలేదు. తరువాత వచ్చిన బాలికలకు అక్కవలె నిలిచి జట్టునకు మూలస్తంభమైనది.

జాతి యొక్కటియే అడ్డు కాదు. స్త్రీలు పరుగెత్తుటయే తగదని తలచువారు ఆనాడు అన్ని జాతులలోను, అన్ని దేశములలోను ఉండిరి. 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు 800 మీటర్ల పందెము పెట్టి, అది ముగిసినంతనే వారు అంత దూరమునకు తాళలేరని కొందఱు పెద్దలు తీర్మానించిరి. ఆ తీర్మానము చొప్పున 32 సంవత్సరములు, అనగా 1960 వఱకు, ఒలింపిక్ క్రీడలలో స్త్రీలు 200 మీటర్లకు మించి పరుగెత్తుటకు వీలు లేకపోయెను. టెంపుల్ శిష్యురాలు మాడలైన్ మానింగ్ 1968లో మెక్సికో నగరమున ఆ 800 మీటర్ల పందెముననే స్వర్ణపతకము గెలుచుట ఈ చరిత్రమున గుర్తుంచుకొనదగిన విషయము.

ఈ పరిస్థితులలో టెంపుల్ ఏర్పఱచిన నియమములు మిక్కిలి కఠినములు. తొలి రోజులలో బాలికలకు ఆటల పేరిట విద్యార్థివేతనములు లేవు. ప్రతి బాలికయు దినమునకు రెండు గంటలు కళాశాలలో ఏదో ఒక పని చేసి తన చదువునకు కావలసిన సొమ్ము సంపాదించుకొనవలెను. చదువు తగ్గినచో జట్టులో చోటు లేదు. ఆలస్యముగా వచ్చినవారు నిమిషమునకు ఒక చుట్టు చొప్పున బాట చుట్టు పరుగెత్తవలెను. తరువాత జగత్ప్రసిద్ధురాలైన విల్మా రుడాల్ఫ్ ఒకనాడు నిద్రలేచుటలో అరగంట జాగు చేసి ముప్పది చుట్లు తిరుగవలసివచ్చెను. మఱునాడు ఆమె నియమిత కాలమునకు అరగంట ముందే వచ్చి కూర్చుండెనట! తన బాలికలు చూచుటకు కూడ సొగసుగా ఉండవలెననియు, పరుగెత్తుటచేత స్త్రీత్వము పోవునను అపవాదమునకు వారే ప్రత్యుత్తరము కావలెననియు అతడు పలుమాఱు చెప్పుచుండెడివాడు. నేటివారికి ఈ మాట రుచింపకపోవచ్చును. పురుషుని సొగసును గూర్చి ఏ శిక్షకుడును అట్లు పట్టించుకొనలేదు గదా! కాని లోకము ఆ బాలికలను వేయి కన్నులతో తప్పు పట్టుటకు కాచుకొనియున్న దినములవి.

విల్మా రుడాల్ఫ్ కథ లోకమునకు కొంత తెలిసినదే. ఆమె 1940లో టెన్నెస్సీ రాష్ట్రముననే నెలలు నిండకుండ జన్మించెను. తండ్రి సంతానము ఇరువది యిద్దఱిలో ఆమె ఇరువదవది. క్లార్క్స్‌విల్ అను పట్టణమున పెరిగినది. పసితనమున పోలియో సోకి ఎడమకాలు చచ్చుపడెను. ఇండ్లలో పాచిపని చేయు తల్లి ఆమెను బస్సులో ఏబది మైళ్ల దూరమున నాష్‌విల్‌లోని నల్లజాతివారి వైద్యశాలకు వారము వారము తీసికొనిపోవుచుండెను. ఇంటిలోనివారందఱు వంతులవారీగా ఆ కాలిని మర్దన చేయుచుండిరి. ఆమె కొన్నేండ్లు ఇనుప కట్టుతోను, అటుపిమ్మట ప్రత్యేకముగా కుట్టిన పాదరక్షతోను నడిచి, పండ్రెండేండ్ల ప్రాయమునకు ఆ రెంటిని విడిచెను. ఉన్నత పాఠశాలలో బాస్కెట్‌బాల్ ఆడుచుండగా, ఆ పందెమునకు రెఫరీగా వచ్చిన టెంపుల్ ఆమె కాలి వేగమును చూచెను. జీతము చాలని దినములలో రెఫరీ పని చేసినవాడు గనుకనే ఈ రత్నము అతని కంటబడినది. వేసవి సెలవులలో ఉన్నత పాఠశాలల బాలికలను నాష్‌విల్‌కు పిలిపించి శిక్షణ నిచ్చు పద్ధతి అతడు ఏర్పఱచియుండెను. విల్మా ఆ వేసవి శిక్షణలో చేరెను. 1956లో పదునాఱేండ్ల వయస్సున ఆమె మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు పోయి రిలే పందెమున కాంస్యపతకము తెచ్చెను. ఆ జట్టులోని నలుగురును టెంపుల్ శిష్యురాండ్రే: మే ఫాగ్స్, మార్గరెట్ మాథ్యూస్, ఇసబెల్ డేనియల్స్, విల్మా.

1958లో, ఉన్నత పాఠశాల చదువు ముగియుచున్న కాలమున, విల్మా వివాహమునకు పూర్వమే తల్లియయ్యెను. తల్లులైనవారికి జట్టులో స్థానము లేదనుట టెంపుల్ నియమములలో ఒకటి. అంతటి నియమపాలకుడు ఈమె విషయమున ఆ నియమమును సడలించి కళాశాలలో చేర్చుకొనెను. ద్రోణుడు తన మాట నిలుపుకొనుటకై ఏకలవ్యుని బొటనవ్రేలు అడిగెను. ఈ గురువు శిష్యురాలి కాలిని కాపాడుటకై తన మాటనే తగ్గించుకొనెను. టెంపుల్ చరిత్రమున అతని పెద్దతనము తెలియజేయు ఘట్టము రోము విజయము కంటె ఇదియే యనిపించును.

1960వ సంవత్సరము. ఫిబ్రవరి 13వ తేదీన నాష్‌విల్‌లో నల్లజాతి విద్యార్థులు అంగడి భోజనశాలలలో కూర్చుండి తమకును వడ్డింపవలెనని శాంతియుతముగా పట్టుపట్టిరి. వారిలో ఈ కళాశాల విద్యార్థులును ఉండిరి. దెబ్బలు తిని, చెఱసాలకు పోయి, మే నెల 10వ తేదీకి వారు కొన్ని భోజనశాలల తలుపులు తెఱిపించిరి. నాలుగు నెలలలోపల అదే కళాశాల బాలికలు రోములో పరుగెత్తిరి. అమెరికా మహిళా పరుగుజట్టునకు ఆ యేడు ప్రధాన శిక్షకుడు టెంపులే. విల్మా 100 మీటర్ల పందెమును 11 సెకండ్లలో గెలిచెను. గాలి నియమిత వేగమునకు మించి వీచుటచేత అది రికార్డుగా లెక్కింపబడలేదు. 200 మీటర్ల పందెమును గెలిచెను. ఇక రిలే. మార్తా హడ్సన్, లూసిండా విలియమ్స్, బార్బరా జోన్స్, విల్మా — నలుగురును మట్టిబాటపై శిక్షణ పొందినవారే. ఉపాంత్య పందెమున 44.4 సెకండ్లతో ప్రపంచ రికార్డు స్థాపించిరి. తుది పందెమున జోన్స్ చేతినుండి విల్మా చేతికి కోల మారుచుండగా పట్టు తప్పబోయెను. ముందున్న లాభము ఆ క్షణమున హరించిపోయెను. కోలను సవరించుకొని విల్మా పరుగెత్తి జర్మనీ జట్టు కన్యను దాటి గీత చేరెను. ఒకే ఒలింపిక్ క్రీడలలో పరుగుపందెములయందు మూడు స్వర్ణపతకములు గెలిచిన తొలి అమెరికన్ మహిళ ఆమెయే.

మన దేశమువారికి రోము అనగానే 400 మీటర్ల పందెమున నాలుగవవాడై నిలిచిన మిల్ఖాసింగు జ్ఞప్తికి వచ్చును. ఆ క్రీడలకే భారత ఫుట్‌బాల్ జట్టును తీసికొనిపోయిన శిక్షకుడు మన హైదరాబాదు వాస్తవ్యుడగు సయ్యద్ అబ్దుల్ రహీం. అతడును మొదట పాఠశాలలో ఉపాధ్యాయుడు. చిన్న జీతములతో, చాలని సాధనములతో పెద్ద జట్లను తయారుచేసిన ఇట్టి ఉపాధ్యాయులు దేశదేశముల గలరు. వారి పేర్లు మాత్రము పందెములు గెలిచినవారి పేర్ల చాటున దాగిపోవును.

విల్మా తిరిగి వచ్చినప్పుడు క్లార్క్స్‌విల్ పట్టణమువారు ఊరేగింపు ఏర్పాటు చేసిరి. తెల్లవారు వేఱుగా, నల్లవారు వేఱుగా నిలుచు ఉత్సవమునకు తాను రానని ఆమె స్పష్టముగా చెప్పెను. పెద్దలు ఒప్పుకొనక తప్పలేదు. 1960 అక్టోబరు 4వ తేదీన ఆ ఊర రెండు జాతులవారును కలసి పాల్గొన్న తొలి ఉత్సవము జరిగెను.

తరువాతి విజయములను క్లుప్తముగా చెప్పిన చాలును. 1964లో టోకియో క్రీడలకును టెంపులే ప్రధాన శిక్షకుడు. అచట 100 మీటర్లలో అతని శిష్యురాండ్రు వయోమియా టయస్, ఈడిత్ మెగ్వైర్ మొదటి రెండు స్థానములను పొందిరి. 200 మీటర్లలో మెగ్వైర్ ప్రథమురాలు. 1968లో టయస్ 100 మీటర్ల స్వర్ణపతకమును మరల గెలిచెను. స్త్రీపురుషులలో ఎవ్వరును అంతకుముందు ఆ పందెమును వరుసగా రెండుమాఱులు గెలిచియుండలేదు. అంతటి కార్యము సాధించినను ఆమె పేరు ఆ దేశమున తగినంత మ్రోగలేదు.

టెంపుల్ శిష్యులలో ఒలింపిక్ క్రీడలకు పోయినవారు 40 మంది. వారు తెచ్చిన పతకములు 23. అందు స్వర్ణములు 13. జట్టు గెలిచిన జాతీయ బిరుదములు 34. కాని టెంపుల్ తాను గొప్పగా చెప్పుకొనిన లెక్క వేఱు: ఆ నలుబదిమందిలో 39 మంది పట్టభద్రులైరి. పరుగు పది పండ్రెండు సంవత్సరముల సొత్తు, పట్టము యావజ్జీవపు సొత్తు అని అతని లెక్క.

ఇక 1972లో అమెరికా శాసనసభ ఒక చట్టము చేసెను. ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములు స్త్రీలయెడ భేదము చూపరాదని దాని సారము. ఆటలలో బాలికలకును విద్యార్థివేతనము లీయవలసివచ్చెను. అంతకు కొంతకాలము ముందే దక్షిణ రాష్ట్రముల శ్వేతజాతి విశ్వవిద్యాలయములు నల్లజాతి విద్యార్థులకు తలుపులు తెఱచియుండెను. ఈ రెంటి ఫలితము విచిత్రము. పూర్వము వేగముగా పరుగెత్తు నల్లజాతి బాలికకు నాష్‌విల్ తప్ప గతి లేదు; ఇప్పుడు ధనవంతములగు విశ్వవిద్యాలయములు చక్కని బాటలు, నిండైన వేతనములు చూపి ఆమెను పిలువసాగెను. ఏ న్యాయమునకై టెంపుల్ బాలికలు పొలముల చాటున అవమానము సహించిరో, ఆ న్యాయము వచ్చిన పిదప వారి కళాశాల పూర్వపు ఆధిక్యమును నిలుపుకొనలేకపోయెను. ఇందు ఎవరిని నిందింపవలెను? ఎవరిని నిందించుటకును వీలు లేదు. కళాశాలకు నష్టము, బాలికలకు లాభము. ఈ పద్దు రెండు వైపులను చూచి వ్రాయవలసినదే గాని ఒక వైపు మాత్రము చూచి మూయరాదు.

అయినను టెంపుల్ ఆ కళాశాలను విడువలేదు. 1984లో లాస్ ఏంజెల్స్ క్రీడలలో అతని శిష్యురాలు చాండ్రా చీస్‌బరో రెండు రిలే పందెములందు స్వర్ణములను, 400 మీటర్లలో రజతమును గెలిచెను. 1994లో అతడు విశ్రాంతి తీసికొనగా ఆ శిక్షకస్థానమునకు ఆమెయే వచ్చినది. విశ్వవిద్యాలయపు పరుగుబాటకు టెంపుల్ పేరు పెట్టిరి. 2015లో నాష్‌విల్ నగరమున అతని విగ్రహమును ప్రతిష్ఠించిరి. మఱుసటి సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, ఎనుబదితొమ్మిదవ జన్మదినము గడచిన రెండవనాడు, టెంపుల్ పరమపదించెను.