హైపో దొరికినంత కాలం

మా ఊళ్లో డార్క్ రూమ్‌ని సెల్‌ఫోన్ చంపేసిందని అంతా అనుకుంటారు. సెల్‌ఫోన్‌కి అంత పని మిగల్లేదు. కెమెరా ఉన్న ఫోన్లు జనం చేతుల్లోకి వచ్చేసరికే తెనాలి స్టూడియోల్లో చాలావాటిలో ఎర్రబల్బులు ఆరిపోయాయి. ఆర్పింది కలర్ లాబ్. ఆ లాబ్‌ని మాత్రం డిజిటల్, ఫోన్ కలిసి మింగాయి. ఇవాళ చూస్తే, నడిమిన వచ్చిన కలర్ యంత్రం తుక్కులోకి పోయింది, దానికన్నా ఎంతో ముసలిదైన బ్లాక్ అండ్ వైట్ పని మా ఇంటి వెనక వసారాలో ఇంకా నడుస్తోంది.

మాది ఫోటో స్టూడియో కుటుంబం. నాన్న ఫోటో తీసేవారు, బాబాయి కడిగేవాడు, నేను హైస్కూల్లో ఉండగానే రీటచింగ్ పట్టుకున్నాను. ఏటవాలు బల్ల, దాని మధ్యలో గాజు, కింద అద్దం. అద్దం మీద పడ్డ వెలుతురు నెగటివ్ గుండా పైకొస్తుంది. ముందు నెగటివ్ మీద దూదితో మీడియం రాయాలి, లేకపోతే పెన్సిల్ జారిపోతుంది. పెన్సిల్ మొనని గరుకు కాగితం మీద సూదిలా పొడుగ్గా అరగదీయాలి. ముఖం మీద నల్లమచ్చ నెగటివ్‌లో పల్చటి చుక్కగా కనిపిస్తుంది. ఆ చుక్కని చుట్టూ ఉన్న నలుపుకి సరిపడేదాకా సన్నటి గీతలతో నింపితే ప్రింటులో మచ్చ ఉండదు. రవ్వంత ఎక్కువైతే అక్కడ తెల్లటి పొక్కు లేస్తుంది. నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చినవి పెళ్లిసంబంధాలకి పంపే ఫోటోలే. స్ఫోటకం మచ్చలు, మొటిమలు, కళ్లకింద నలుపు, అన్నీ నా పెన్సిల్ కిందే పోయేవి. "మరీ అంతగా తీసేయకే, రేపు పెళ్లిచూపుల్లో పట్టుబడతాం" అనేవారు నాన్న.

ఆడపిల్ల స్టూడియోలో కూర్చుంటుందా అని బంధువులు నొసలు చిట్లించేవాళ్లు. వాళ్లకి నాన్న హైదరాబాద్ కథ చెప్పేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న లాలా దీన్‌దయాళ్, 1892లో అక్కడ ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే బేగంలు వచ్చే చోటు కాబట్టి లోపల మగవాళ్లు ఉండకూడదు. కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ దాన్ని నడిపింది. దీన్‌దయాళ్ 1905లో పోయాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. నూరేళ్లు దాటిన ఆ గాజు పలకల నుంచి ఇవాళ కూడా ప్రింటు తీయొచ్చు. 1990ల నాటి పెళ్లి ఆల్బం తెరిచి చూడండి, పట్టుచీర రంగు ఏమైందో.

ఇక కడగడం సంగతి. డెవలపర్ 20 డిగ్రీలుండాలని పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్లెవరూ మే నెలలో తెనాలి వచ్చి ఉండరు. ఎండాకాలం కుళాయి నీళ్లే ఒళ్లు చుర్రుమనేలా వచ్చేవి. ఆ వేడికి ఫిల్మ్ మీది జెలటిన్ ఉబ్బి మెత్తబడి, వేలు తగిలితే ఊడొచ్చేది. అందుకే బాబాయి ఊళ్లో సెకండ్ షో వదిలాక పనిలోకి దిగేవాడు. సోడా కొట్టు నుంచి ఐసుగడ్డ తెచ్చి పెద్ద ట్రేలో పగలగొట్టి, దాని మధ్యలో డెవలపర్ ట్రే ఆనించేవాడు. ఐసు మందులోనే వేస్తే మందు పల్చబడిపోతుంది. బొమ్మని చెరిగిపోకుండా నిలబెట్టే హైపోలో పటిక కలిపేవాడు, జెలటిన్ గట్టిపడ్డానికి. కాలవలకి కొత్తనీళ్లు వదిలిన రోజుల్లో కుళాయిలో ఒండ్రు దిగేది, పాత పంచెని నాలుగు మడతలేసి వడగట్టేవాళ్లం. పెళ్లికూతురి బుగ్గ మీద గీత పడ్డానికి ఒక్క ఇసక రేణువు చాలు.

మందు మేమే కలుపుకునేవాళ్లం. కోడాక్ వాళ్ల డి-76 పాళ్లు డార్క్ రూమ్ తలుపు మీద సుద్దతో రాసి ఉండేవి: లీటరు నీళ్లకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బొరాక్స్ 2. బొరాక్స్ అంటే వేరే ఏమీ కాదు, కంసాలి వాడే వెలిగారమే. త్రాసు కూడా కంసాలిదే. మెటాల్ పడక బాబాయి వేళ్ల చివర్లు పగిలి దురదపెట్టేవి, అయినా చేతితొడుగు వేసుకునేవాడు కాదు. నెగటివ్ జారుడు తెలియాలంటే వేలే తగలాలనేవాడు. వాడేసిన హైపోని కూడా పారబోసేవాళ్లం కాదు. అందులోకి ఫిల్మ్ మీది వెండి దిగుతుంది, దాన్ని కొనడానికి మనుషులు తిరిగేవాళ్లు.

ఫిల్మూ పేపరూ మాత్రం కొనుక్కోవాల్సిందే. దిగుమతుల మీద ఆంక్షలున్న కాలం అది. విజయవాడ కొట్లో ఇందు సరుకు కౌంటర్ మీద ఉండేది, కోడాక్ పేపరు తెలిసినవాళ్లు అడిగితే బీరువాలోంచి వచ్చేది. ఇందు అంటే హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్. కేంద్ర ప్రభుత్వం 1960లో పెట్టిన కంపెనీ, ఫ్రాన్స్‌కి చెందిన బోషే కంపెనీ సాంకేతిక సాయంతో 1967లో ఊటీలో తయారీ మొదలైంది. ఫిల్మ్‌కి దుమ్ము పడదు కాబట్టి కొండమీది చల్లగాలి వెతుక్కున్నారు. రోల్ ఫిల్మ్, బ్రోమైడ్ పేపరు, ఆస్పత్రులకి ఎక్స్‌రే ఫిల్మ్, సినిమాకి పాజిటివ్, అన్నీ ఆ పేరు మీదే వచ్చేవి. నాన్నకి ఇందు అంటే చిన్నచూపు. నేనలా అనను. మా జిల్లాలో బీద కుటుంబానికి ఒక గ్రూపు ఫోటో ఉందంటే అది ఎక్కువ భాగం ఊటీ పేపరు చలవే. బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ 3 కెమెరాని కూడా దాని పక్కనే నిలబెట్టాలి. 120 రీలు వేస్తే 12 బొమ్మలు, తిప్పడానికి పెద్దగా మీటలేమీ లేవు, బడిపంతుళ్లు కూడా కొనగలిగారు.

ఎనభైల చివరికి కలర్ జోరందుకుంది. పెళ్లివాళ్లు బ్లాక్ అండ్ వైట్ అంటే అవమానంగా చూడసాగారు. మేం తీసిన రీళ్లు సంచిలో వేసుకుని లాబ్‌కి పరిగెత్తేవాళ్లం, సాయంత్రానికి ప్రింట్లు వచ్చేసేవి. నా పెన్సిల్‌కి పని పోయింది. చిన్న కలర్ నెగటివ్ మీద మచ్చ వెతుక్కోవడానికే కళ్లు చాలవు. బాబాయి లాబ్‌లో ఉద్యోగానికి వెళ్లి రెండు నెలలకే తిరిగొచ్చేశాడు. అక్కడ మీటలు నొక్కడమే తప్ప కడగడం లేదట.

ఆ యంత్రానికి ఒక ఆకలి ఉంది, దాని చావు కూడా అందులోనే ఉంది. కలర్ నెగటివ్ డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర కదలకుండా ఉండాలి, ఫిల్మ్ అందులో మూడుంపావు నిమిషాలే ఉండాలి. ట్యాంకుల్లో మందు ఎప్పుడూ నిండి ఉంటుంది. రీళ్లు పడే కొద్దీ కొత్తమందు చేరుతుంది, అలా చేరుతుంటేనే అది తాజాగా ఉంటుంది. రీళ్లు తగ్గాయా, గాలి తగిలి మందు చెడుతుంది, చెడిన మందులో పచ్చచీర మరోరంగుకి తిరుగుతుంది. అంటే లాబ్ సగం గిరాకీతో బతకలేదు. డిజిటల్ వచ్చి గిరాకీ సగం కాగానే ఎన్నో లాబ్‌లలో ఫిల్మ్ ట్యాంకులు ఖాళీ చేసేశారు.

ఇది మా ఊరి కథే కాదు. కోడాక్ వాళ్ల కలర్ ఫిల్మ్ కోడాక్రోమ్ 2009లో ఆగిపోయింది. దాన్ని కడగడం మహా చిక్కు పని, రంగులు ఫిల్మ్‌లో ఉండవు, కడిగేటప్పుడే ఒక్కొక్కటీ ఎక్కించాలి. చివరికి ప్రపంచం మొత్తానికి ఒకే లాబ్ మిగిలింది, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊళ్లో. కంపెనీ నుంచి బయటికొచ్చిన ఆఖరి రీలుని ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కరీ వాడాడు, అందులో కొన్ని బొమ్మలు మన దేశంలోనే తీశాడు, రబారీ తెగవాళ్లవీ, బొంబాయి సినిమా తారలవీ. 2010 డిసెంబరు ఆఖర్లో ఆ లాబ్ కోడాక్రోమ్ తీసుకోవడం మానేసింది. ఇవాళ ఎవరి అలమరలోనో ఒక రీలు దొరికితే రంగుల్లో రాదు. కానీ బ్లాక్ అండ్ వైట్ మందులో వేస్తే బొమ్మ వస్తుంది! నేను చెప్పేదంతా ఇందులోనే ఉంది.

పెద్ద కంపెనీల పతనం పేపర్లలో వచ్చిందే. 2012లో కోడాక్ దివాలా పిటిషన్ వేసింది. ఊటీ ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి ఖాయిలాపడి ఉండి మూతపడింది. 1860లలో కలకత్తాలో మొదలైన బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో 2016లో తలుపులు మూసింది. కానీ ఇంగ్లండ్‌లో ఇల్ఫోర్డ్ దివాలా అంచు దాకా పోతే, 2005లో అక్కడి మేనేజర్లే కొనుక్కుని నడిపారు. వాళ్లు నమ్ముకున్నది బ్లాక్ అండ్ వైట్‌నే. కోడాక్ కూడా ఆపేసిన ఎక్టాక్రోమ్‌ని 2018లో మళ్లీ తీసుకొచ్చింది.

ఫిల్మ్ వచ్చింది సరే, కడగడానికి సరుకేదీ? విజయవాడలో మాకు పేపరిచ్చిన కొట్టు ఇప్పుడు సీసీ కెమెరాలు అమ్ముతోంది. మెటాల్, హైడ్రోక్వినోన్ బొంబాయి నుంచి పార్సిల్లో తెప్పించుకుంటాను. హైపోకి మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. బాపట్ల వైపు తీరంలో రొయ్యపిల్లల హేచరీలున్నాయి. అక్కడ సముద్రపు నీళ్లని క్లోరిన్‌తో శుద్ధి చేస్తారు, తర్వాత ఆ క్లోరిన్ విరగడానికి వేసేది సోడియం థయోసల్ఫేట్, అంటే మా హైపోయే. ఆక్వా మందుల కొట్లో బస్తాల లెక్కన ఉంటుంది. "ఎన్నెకరాల చెరువమ్మా?" అని అడిగాడు కొట్టాయన మొదటిసారి. ఫోటోలకి అంటే నమ్మలేదు. ఇప్పుడు నాకోసం బస్తా విప్పి కిలోల్లెక్కన ఇస్తున్నాడు.

నా దగ్గరికి వచ్చేది గుంటూరు, విజయవాడ కాలేజీ పిల్లలు. వాళ్ల నాన్నల యాషికాలు, పెంటాక్స్‌లు తెస్తారు. మన కోస్తా తేమకి లెన్సులో బూజు పట్టి ఉంటుంది, తలుపు దగ్గర వెలుతురు ఆపే స్పాంజి జిగురై కారుతూ ఉంటుంది. ఆ పని నాకు రాదు, హైదరాబాద్ కోఠీలో బాగుచేసేవాళ్లుంటారని పంపిస్తాను. కొందరు సినిమా ఫిల్మ్ ముక్కలు డబ్బాల్లో చుట్టుకుని తెస్తారు. దాని వెనక నల్లటి మసిపూత ఉంటుంది, వంటసోడా నీళ్లలో నానబెట్టి వేలితో తుడిస్తే గానీ పోదు. ఒకబ్బాయి ఇన్‌స్టంట్ కాఫీపొడి, చాకలిసోడా, విటమిన్ సి కలిపి డెవలపర్ చేయొచ్చని చెప్పాడు. కాఫీతో కడగడం 1995లో అమెరికాలో రోచెస్టర్‌లోని ఒక కాలేజీలో కనిపెట్టారట. చేసి చూశాం. బొమ్మ చక్కగా వచ్చింది, వాసన భరించలేకపోయాం. అందులో కూడా చివర హైపో తప్పదు.

వాళ్లతో నాకున్న పేచీ ఒక్కటే. "ప్రింటెందుకు ఆంటీ, స్కాన్ చాలు" అంటారు. "వంటంతా చేసి వాసన చూసి లేచిపోతావా బాబూ?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను. అప్పట్నుంచి చందా వేసుకుని ఇల్ఫోర్డ్ పేపరు తెప్పిస్తున్నారు, 8 బై 10 సైజు, డబ్బాకి 25 షీట్లు. గ్లాసీ తెమ్మని నేను, పెరల్ ఫినిష్ కావాలని వాళ్లు. డబ్బు వాళ్లది కాబట్టి పెరలే వచ్చింది.