ఏథెన్సు ఇల్లాలి సామాను

గ్రీసు దేశం అనగానే మనకు సోక్రటీసు, పెరిక్లీసు గుర్తుకొస్తారు. పిల్లల చరిత్ర పుస్తకాల నిండా వాళ్లే కదా! మరి ఆ మహానుభావులకు పూటపూటా వండిపెట్టినదెవరు, వాళ్లు కప్పుకున్న ఉన్ని వస్త్రం నేసినదెవరు అని మీకెప్పుడైనా అనిపించిందా?

జవాబు కావాలంటే ఏథెన్సులోని అగోరా మ్యూజియం చూడాలి. అగోరా అంటే ఆ నగరపు పాత బజారు. కచేరీలు, న్యాయస్థానాలు కూడా అక్కడే ఉండేవి. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో అట్టాలస్ రాజు కట్టించిన పొడుగాటి వసారాను 1953-56 మధ్య తిరిగి కట్టి, తవ్వకాల్లో దొరికిన వస్తువులను అందులో ఉంచారు.

బంగారు కిరీటాలుంటాయనుకునేరు! అక్కడున్నవి వంటకుండలు, మూకుళ్లు, బొగ్గుల కుంపట్లు, నూనె దీపాలు. చాలా సామాను పాత బావుల్లో దొరికింది. పగిలిందనో, పనికిరాదనో ఆనాటివాళ్లు పారేసిన చెత్తే ఇప్పుడు అద్దాల బీరువా ఎక్కింది. పసిపిల్లలను దొడ్డికి కూర్చోబెట్టే మట్టి పీట కూడా ఒకటుంది. కాళ్లు బయటికి పెట్టుకోవడానికి దానికి కంత ఉంది. సుమారు 2,600 ఏళ్ల నాటిది. చూసిన ఏ తల్లికైనా నవ్వొస్తుంది.

అరచేతిలో ఇమిడే మట్టి గుండ్లు కూడా ఉన్నాయి. నిలువు మగ్గం మీద పడుగు దారాలు బిగువుగా ఉండటానికి వాటిని కింద వేలాడదీసేవారు. ఉన్ని ఏకడం, వడకడం, నేయడం అంతా ఇంటి ఆడవాళ్లు, దాసీలు చేసేవారు. న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియంలో జానెడు నూనె చెంబు మీద ఉన్ని వడకడం, నేయడం చిత్రించి ఉన్నాయి. ఆ ఆడవాళ్లు నేసిన బట్టలు మాత్రం మట్టిలో కలిసిపోయాయి. గుండ్లే మిగిలాయి.

అగోరాలోనే పేర్లు గీసిన చిల్లపెంకులూ కనిపిస్తాయి. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏ నాయకుణ్ణయినా ఊరినుంచి పదేళ్లు వెళ్లగొట్టాలంటే పౌరులు అతని పేరు పెంకు మీద గీసి వేసేవారు. అంతటి థెమిస్టోక్లీసు పేరూ అలా ఎక్కినదే. కాని పౌరులంటే మగవాళ్లే. కుండ పగిలేదాకా వాడిన ఇల్లాలికి ఆ పెంకు మీద పేరు గీసే హక్కు లేదు. గ్రీసు స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వచ్చింది 1952లో!

ఈసారి పిల్లలను ఏ మ్యూజియానికి తీసుకువెళ్లినా కత్తులూ, నాణేల దగ్గరే ఆగిపోకండి. మూలనున్న మట్టిమూకుడు దగ్గర కూడా కాసేపు నిలబెట్టి, అందులో వండినదెవరో అడగండి. చరిత్రలో ఆమె కూడా ఉందని వాళ్లకు తెలియాలి కదమ్మా!