అంగీఠీ నిప్పు మీద మక్క కంకి, కూరగాయలు: ఏది ఎప్పుడు కాల్చాలి?

బక్రీద్‌కైనా, ఇంట్లో దావత్‌కైనా అంగీఠీ వెలిగిందంటే అందరి చూపు సీఖ్ కబాబ్ మీదే. కంకులు, కూరగాయలు మధ్యలో ఎప్పుడో తెచ్చి నిప్పు మీద పడేస్తారు. అందుకే అవి పైన మాడి, లోపల పచ్చిగా మిగులుతాయి.

బొగ్గులు అంటుకోగానే మంట లేస్తుంది. అప్పుడు ఏదీ పెట్టొద్దు. ఇరవై నిమిషాలు ఆగితే మంట తగ్గి, బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర కడుతుంది. కాల్చడం అప్పుడే మొదలుపెట్టాలి. కిరోసిన్ పోసి వెలిగిస్తే మాత్రం ఆ వాసన తింటున్నంతసేపూ వదలదు.

తెలంగాణలో మక్క కంకి, ఆంధ్రలో మొక్కజొన్న పొత్తు, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో భుట్టా. కొనేటప్పుడు గింజను గోటితో నొక్కితే పాలు రావాలి. నీళ్లలా వస్తే ఇంకా లేతది, ఏమీ రాకపోతే ముదిరింది. ముదురు కంకి ఎంత కాల్చినా గట్టిగానే ఉంటుంది, దాన్ని ఉడకబెట్టి గుడాలు చేసుకోవడమే మేలు. కోసినప్పటి నుంచి గింజలోని తీపి పిండిగా మారుతూ పోతుంది. కాబట్టి కొన్న రోజే కాల్చాలి, కుదరకపోతే ఆకులు తీయకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి.

దేశీ కంకిని ఆకులు, పీచు తీసేసి నేరుగా బొగ్గుల మీద తిప్పుతూ ఉంటే పది నిమిషాల్లో గింజలు చిటపటమంటాయి. అర నిమ్మచెక్కను ఉప్పు, కారంలో అద్ది రుద్దితే చాలు. స్వీట్‌కార్న్‌లో చక్కెర, నీరు ఎక్కువ, తొందరగా మాడుతుంది. దాన్ని ఆకులతోనే కాసేపు నీళ్లలో నానబెట్టి, జాలీ మీద పావుగంట కాలిస్తే ఆవిరికి లోపల ఉడుకుతుంది.

కంకుల తర్వాత కూరగాయలు, ఆ తర్వాతే మాంసం. పచ్చి ఖీమా ముట్టుకున్న చెయ్యి, మసాలా పూసిన బ్రష్ కూరగాయలకు తగలకూడదు. మాంసం తినని పొరుగువాళ్లు వస్తుంటే సీఖ్‌లు, జాలీ విడిగా పెట్టి ఆ మాట ముందే చెబితే మొహమాటం లేకుండా తింటారు.

క్యాప్సికం, ఉల్లిపాయ, టమాటా ఒకే సీఖ్‌కు గుచ్చితే చూడ్డానికి బాగుంటుంది. కానీ టమాటా జారిపోయే సమయానికి ఉల్లిపాయ పచ్చిగానే ఉంటుంది. ఒక్కో రకానికి ఒక్కో సీఖ్ పెట్టుకోవాలి. వెదురు పుల్లలైతే అరగంట నానబెట్టాలి. నూనె పల్చగా రాయాలి, ఉప్పు చివర్లోనే. ముందే వేస్తే నీరు ఊరుతుంది.

కబాబ్‌లు దించాక మిగిలిన నిప్పు వంకాయకు సరిగ్గా సరిపోతుంది. గుండ్రటి పెద్ద వంకాయకు నాలుగైదు గాట్లు పెట్టాలి, లేదంటే ఆవిరికి పేలుతుంది. పచ్చిమిర్చికీ అంతే. వంకాయ నల్లబడి కుంగిపోయాక గిన్నెలో వేసి పది నిమిషాలు మూత పెడితే తొక్క ఊడి వస్తుంది. కుళాయి కింద కడిగితే పొగ రుచంతా పోతుంది. బైంగన్ భర్తా చేసినా, పచ్చడి నూరినా అసలు రుచి అదే. చివరగా వేడి బూడిదలో కందగడ్డలు పూడ్చి పెడితే గంటలోపు మెత్తబడతాయి.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైనది. అంగీఠీని గదిలో గానీ, అద్దాలు మూసిన బాల్కనీలో గానీ పెట్టకూడదు. బొగ్గు ఎర్రబడ్డాక పొగ కనిపించదు కాబట్టి భయం లేదనుకుంటారు. కానీ అప్పుడు కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలైతే వెంటనే అందరూ ఆరుబయటికి వచ్చి, ఆసుపత్రికి వెళ్లాలి. చలికాలంలో అంగీఠీ పక్కన పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి చనిపోయిన వార్తలు ఉత్తర భారతం నుంచి వస్తూనే ఉంటాయి. నిద్రపోయేటప్పుడు ఇంట్లో నిప్పు వదిలేయొద్దని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది.

బూడిద పైకి చల్లారినట్టే ఉన్నా లోపల గంటల తరబడి నిప్పు ఉంటుంది. ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేయకుండా, కొద్దికొద్దిగా నీళ్లు చల్లి, పిల్లలకు అందని చోట రాత్రంతా ఉంచి, మర్నాడు పారేయాలి.